ఒక పేరు రాలిపోయిన కథ

స్వయం కృషి సంఘం. ఆ మూడు మాటలు ఇవాళ ఏ బోర్డు మీదా లేవు. 1997లో విక్రం ఆకుల మెదక్ జిల్లా నారాయణఖేడ్ పల్లెల్లో పేద ఆడవాళ్లకి చిన్న అప్పులివ్వడానికి మొదలుపెట్టిన ఆ సంఘం ఎస్‌కేఎస్ అనే మూడు పొడి అక్షరాలుగా పెరిగింది. 2016లో పేరు మార్చుకుంది. 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. కడలిలో కలిశాక ఏటికి పేరుండదు. ఆ ఏరు ఎక్కడ దారి మళ్లిందో తలుచుకుంటే మాత్రం, ఈ శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కూర్చున్న నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఎంత ముచ్చటైన ఏర్పాటు అది! ఐదుగురు ఆడవాళ్లు ఒక జట్టు. ఒకరికొకరు పూచీ. పక్కింటావిడ మాటే తాకట్టు. అలాంటి జట్లు మా ఉద్దానం ఊళ్లలోనూ ఉండేవి. పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ నూనెకి వేళ్లు నల్లబడిన ఆడవాళ్లు పొద్దున్నే చాప మీద కూర్చుని, కొంగు ముడి విప్పి, వారం కిస్తీ లెక్కపెట్టేవారు.

సంఘం కంపెనీగా మారినప్పుడు సభ్యురాళ్ల పేరిట ట్రస్టులు పెట్టి, వాటాల్లో ఎక్కువ భాగం వాటికే ఉంచారు. అదొక్కటి నిలిచి ఉంటే!

2006లో బయటి పెట్టుబడి వచ్చింది. ముందుగా వచ్చినవారిలో యూనిటస్ ఈక్విటీ ఫండ్ ఒకటి. ఇలాంటి చిన్న అప్పుల, అంటే సూక్ష్మరుణాల, కోసమే అప్పుడప్పుడే పుట్టిన చిన్న నిధి అది. మరుసటి ఏడు సెకోయా వచ్చింది. 1972 నుంచి పాతుకుపోయిన సంస్థ, ఆపిల్‌నీ గూగుల్‌నీ తొలినాళ్లలోనే గుర్తుపట్టిన చేయి. కోటీ పదిహేను లక్షల డాలర్ల పెట్టుబడికి ముందు నిలిచింది. కొత్త నిధికి అనుభవం తక్కువ. పాత సంస్థ పేరు చెబితే మిగతా తలుపులూ తెరుచుకుంటాయి. ఆ చోట ఎవరున్నా చేయి చాచేవారే, నేను నిందించలేను. కానీ కొత్తదైనా పాతదైనా అలాంటి నిధికి ఒక గడువుంటుంది. తనకు డబ్బిచ్చినవాళ్లకి పదేళ్లు అటూ ఇటూగా లాభంతో తిరిగివ్వాలి. డబ్బుతో పాటు ఆ తొందర కూడా ఇంట్లోకి వస్తుంది. జీడిపిక్కకి ఆ తొందర తెలియదు, వారం కూలికీ తెలియదు.

హెచ్చరిక లేకపోలేదు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సూక్ష్మరుణ సంస్థల శాఖలు యాభై దాకా మూయించారు. అప్పుడైనా అడుగు నెమ్మదించి ఉంటే! సుమారు రెండు లక్షలున్న ఎస్‌కేఎస్ సభ్యులు నాలుగేళ్లలో 70 లక్షలకు చేరారు. రాష్ట్రంలో ఎన్నో ఇళ్ల గుమ్మాల్లో రెండు మూడు సంస్థల కిస్తీలు. ఒకటి తీర్చడానికి ఇంకొకటి.

2010 జులై 14న, మా బీల చిత్తడి నేలలో థర్మల్ కేంద్రం వద్దని నిలబడ్డ మా వాళ్ల మీద తుపాకులు పేలాయి. ఊరి కన్నీళ్లు ఆరకముందే, జులై 28న, ఎస్‌కేఎస్ వాటాలు జనానికి అమ్మకానికి వచ్చాయి. ఒక్కోటి 985 రూపాయలు. మా బీల ఎవరి కోసమని మేం అడిగాం, ప్రాణాలు పోగొట్టుకునీ అడిగాం. ఆ ఆడవాళ్ల అప్పు ఎవరి కోసం పరిగెడుతోందని అడగడానికి ఒక ఊరు లేకపోయింది.

సెప్టెంబరులో న్యూయార్క్‌లో, ఆకుల ఎదుటే, గ్రామీణ్ బ్యాంకు పెట్టిన మహమ్మద్ యూనస్, పేదల అప్పుని వాటాల అంగడికి తెచ్చే ఈ దారి తప్పన్నారు. మళ్లడానికి అదే ఆఖరి అవకాశం. అక్టోబరుకల్లా ఆత్మహత్యల వార్తలు, ఆ వెంటే సూక్ష్మరుణ సంస్థల మీద ప్రభుత్వ ఆర్డినెన్సు. రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. వాటా ధర కొన్నాళ్లకు వంద రూపాయల కిందికి జారింది. 2011 నవంబరులో ఆకుల తప్పుకున్నారు. యూనస్ చెప్పిందే నిజమని తర్వాత ఒప్పుకున్నారు. అప్పటికి ఎన్నో గడపల్లో దీపం పెట్టే చేయి లేదు.

మా వీధిలో ఒక పిన్ని దగ్గర ఇంకా పాత పాస్‌బుక్కు ఉంది. ఏ సంస్థదో ఇప్పుడెందుకు? వరసగా సంతకాలు, ఆ తర్వాత ఖాళీ గళ్లు. "డబ్బు మాట ఒగ్గీ బాబూ," అంది, ఆ గళ్ల మీద నల్లటి వేలు ఆనించి. "పొద్దున్నే అందరం ఒక చాప మీద కూకునీవోలం. ఆ చాప మళ్లీ ఎవులూ పరవలేదు."