ఒక్క రాయి కూడా లేని కోట.. వేల్స్‌లో ఈ మట్టిదిబ్బను అనుమతి లేకుండా తవ్వితే నేరం!

చూస్తే పొలాల మధ్య చెట్లు మొలిచిన ఓ మట్టిదిబ్బ. అంతే. గోడల్లేవు, బురుజుల్లేవు, సెల్ఫీ దిగడానికి సింహద్వారం కూడా లేదు. కానీ వేల్స్‌లోని మోంట్‌గోమరీ పట్టణం దగ్గరున్న ఈ హెన్ డొమెన్ సుమారు 950 ఏళ్ల నాటి నార్మన్ కోట. వెల్ష్ భాషలో ఆ పేరుకు అర్థం 'పాత దిబ్బ'.

1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లకు ప్రతిచోటా రాతికోట కట్టే తీరిక లేదు. అందుకే షార్ట్‌కట్ ఎంచుకున్నారు. గుండ్రంగా కందకం తవ్వి, ఆ మట్టినే మధ్యలో దిబ్బగా పోసి, పైన చెక్క బురుజు నిలబెట్టేవాళ్లు. ఆ దిబ్బ పేరు 'మాట్'. దాన్ని ఆనుకుని మట్టికట్ట, దుంగల గోడతో ఉండే ఆవరణ 'బెయిలీ'. మనుషులు, గుర్రాలు, సరుకులు అన్నీ అందులోనే.

విలియం రాజుకు నమ్మకస్తుడైన రోజర్ డి మోంట్‌గోమరీ 1070లలో దీన్ని కట్టించాడు. సెవర్న్ నదిని దాటే రేవుపై కన్నేసి ఉంచడమే దీని పని. 1095లో వెల్ష్ సేనలు దీన్ని పట్టుకున్నాయి కూడా. 1223లో మూడో హెన్రీ దగ్గర్లోని రాతిగుట్టపై కొత్త కోట మొదలుపెట్టడంతో దీని ప్రాధాన్యం తగ్గిపోయింది.

మరి ఇంత చిన్న దిబ్బకు అంత పేరెందుకు? 1960లో ఫిలిప్ బార్కర్ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. అవి 30 ఏళ్లకు పైగా సాగాయి. చెక్క ఎప్పుడో కుళ్లిపోయింది. స్తంభం పాతిన చోట మట్టి రంగు కాస్త మారి ఉంటుంది. దొరికే ఆధారం చాలాచోట్ల అదొక్కటే! అందుకే పలుగుతో తవ్వడం కాదు, మట్టిని పొరలు పొరలుగా గీకుతూ పోయారు. అప్పుడు బయటపడిందేంటంటే.. బెయిలీ ఖాళీ స్థలం కాదు, ఇళ్లూ కొట్టాలతో కిక్కిరిసిన చోటు. చెక్క పాడైన ప్రతిసారీ మళ్లీ చెక్కతోనే కట్టుకున్నారు. విలాస వస్తువులు దాదాపు దొరకలేదు. దొరల బతుకు ఇక్కడ అంత గొప్పగా ఏమీ లేదన్నమాట. అన్నిటికంటే అడుగున నాగలి చాళ్లు కనిపించాయి. అంటే కోట రాకముందు అదో చేను.

ఈ దిబ్బ ఇప్పుడు చట్టరీత్యా రక్షిత కట్టడం. అనుమతి లేకుండా తవ్వినా, మెటల్ డిటెక్టర్ వాడినా నేరమే. మట్టి మీద ఇంత పట్టింపు ఎందుకని అనిపించొచ్చు. రాతిగోడ కూలితే రాళ్లైనా మిగులుతాయి. ఇక్కడ ఆధారమే మట్టిలోని రంగు. ఒక్క జేసీబీ తిరిగితే అది ఇక ఎప్పటికీ దొరకదు. బెయిలీలో పెద్ద భాగం ఇంకా తవ్వకుండానే ఉంది.