బందరు కోట

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం (బందరు) కోస్తాలో పేరున్న రేవు. కలంకారీ బట్టలు ఇక్కడినుంచే పర్షియాకు, తూర్పు దీవులకు వెళ్లేవి. వాటి కోసమే డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వర్తకస్థావరాలు పెట్టారు.

కోట ఊళ్లో లేదు. ఊరికీ సముద్రానికీ నడుమ ఉప్పు బురదనేలల్లో ఉంది. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చింది. ఆ బురదే కోటకు పెద్ద రక్షణ అని వారు నమ్మారు. 1759 మార్చిలో ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ కోటను ముట్టడించాడు. ఏప్రిల్ నాటికి అతని మందుగుండు అడుగంటింది. ఫ్రెంచివారికి మిత్రుడైన నిజాం సలాబత్ జంగ్ సేనతో వస్తున్నాడు. 7వ తేదీ రాత్రి ఫోర్డ్ తెగించి దాడి చేశాడు. బురదవైపు నుంచి ఒక దళం అలజడి రేపుతుండగా, అసలు దాడి మరోవైపు బురుజు మీద జరిగింది. తెల్లవారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. గాలి ఎటు వీస్తోందో గ్రహించిన సలాబత్ జంగ్ మే నెలలో బందరు ప్రాంతాన్ని ఇంగ్లీషువారికే రాసిచ్చాడు. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచి ప్రాబల్యం కూలింది ఇక్కడే.

కోట చేజిక్కినా రేవు మాత్రం మునుపటి వైభవానికి చేరలేదు. వర్తకం మద్రాసు వైపు మళ్లింది. మిల్లు బట్ట వచ్చి నేతను దెబ్బతీసింది. 1864 నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన పట్నాన్ని ముంచి, సుమారు 30,000 మందిని బలిగొంది.