నిషిద్ధమైన భేరి

విద్యుద్యంత్రముల నృత్యసంగీతమన్న మన పెద్దలు చెవులు మూసికొందురు. పెండ్లి యూరేగింపులలో డీజే పేర వినబడు మ్రోతయే దానికి కారణము. కాని కెనడా దేశమున నా యంత్రములనే చేబట్టి, అచ్చటి ఆదిమజాతుల యువకులు తమ తాతల పాటలను రాజధానీనగరము నడుమకు దెచ్చిన చరిత్ర యొకటి కలదు. సంస్కరణమును గోరువారు దాని నెరుగుట మేలు. ఏలయన నందు సంస్కరణమను మాటయే విచారణకు నిలువవలసివచ్చినది.

1884లో కెనడా పార్లమెంటు ఇండియన్ చట్టమును సవరించి, పడమటి సముద్రతీరపు జాతుల పోట్లాచ్ అను ఉత్సవమును నేరముగా నిర్ణయించెను. పెండ్లి, నామకరణము, మరణము మున్నగు సందర్భములందు గృహస్థు పదుగురను బిలిచి, పాటలతో నృత్యములతో తన వంశచరిత్రమును ప్రకటించి, తన సొత్తును పంచిపెట్టు క్రతువది. ఎంత యిచ్చిన నంత గౌరవము. కూడబెట్టుటయే నాగరకతయని నమ్మిన యధికారులకును మిషనరీలకును నిది దుర్వ్యయముగాను అనాచారముగాను దోచెను. శిక్ష రెండు మొదలు ఆరు నెలల కారాగారవాసము. 1895లో నిషేధము మైదానపు జాతుల క్రతువులకును వ్యాపించెను. 1914లో పడమటి రాష్ట్రములవారు తమకు కేటాయించిన భూములు దాటి జాతివేషముతో నృత్యమాడుటకు అధికారి యనుమతి వలయునని విధించిరి. 1921లో బ్రిటిషు కొలంబియాలో నొక పోట్లాచ్ జరిపినందుకు అనేకులను శిక్షించి, వారు కొయ్యతో చెక్కుకొన్న ముఖాకృతులను గైకొని వస్తుప్రదర్శనశాలలకు బంపిరి. 1951లో క్రొత్త చట్టము వచ్చువరకు నీ నిషేధము తొలగలేదు.

ఇది యొకవంక. వేరొకవంక లక్షా యేబదివేలకు మించిన బిడ్డలను తలిదండ్రులనుండి వేరుచేసి వసతిపాఠశాలలలో నుంచిరి. అచ్చట తల్లిభాష పలికిన దండనము. పాట నేర్పు తాతకును నేర్చుకొను మనుమనికిని నడుమ నట్లు గోడ లేచెను.

అయినను పాట చావలేదు. పౌవౌ అను బహిరంగసభలలో పెద్ద భేరిచుట్టును పలువురు కూర్చుండి, ఏకకాలమున కోలలతో మ్రోయించుచు, మిక్కిలి హెచ్చుస్థాయిని పాడుదురు. అందు పెక్కు పాటలకు అర్థవంతములగు పదములే యుండవు. మన ఆలాపనవలె అక్షరధ్వనులే రాగమును మోయును. ఆ భేరీధ్వనిని భూమాత గుండెచప్పుడని వారందురు.

2007 ప్రాంతమున ఒట్టావానగరమున 'ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్' అను బృందము పుట్టెను. బేర్ విట్నెస్, ఇయన్ కాంపో మున్నగువారు నగరమునకు వలసవచ్చిన తమవారికొరకు నృత్యశాలలో 'ఎలెక్ట్రిక్ పౌవౌ' అను రాత్రిసభలను నడపిరి. పౌవౌ గాయకుల ధ్వనిముద్రణములను దీసికొని, భేరీఘాతమునకు యంత్రపు మంద్రధ్వనిని జోడించి, గాయకుల తారస్వరమును దానిపై నిలిపిరి. సమగతిలో సాగు భేరి నృత్యశాల తాళమునకు సులభముగ నమరెను. 2012లో వారి మొదటి సంపుటము, 2013లో రెండవది వెలువడెను. ఈ రెండవదాని పేరు 'నేషన్ టు నేషన్', అనగా జాతితో జాతి. ఏలికకు ప్రజలవలె గాక సములుగ సంధి చేసికొన్నవారమను హక్కు ఆ పేరనే కలదు. 2014లో వీరికి జూనో పురస్కారము లభించెను. 2016నాటి సంపుటమున, అంతకు ముందేడు మరణించిన డకోటాజాతి కవి జాన్ ట్రుడెల్ గళము వినబడును. 2021నుండి ఈ బృందము 'ది హలూసి నేషన్' అను పేర వెలసినది.

వలస్తోకియిక్ జాతి గాయకుడు జెరెమీ డచర్ కథ మరింత హృదయంగమము. సుమారు నూరేండ్లక్రిందట మైనపు గొట్టములపై ముద్రించి ప్రదర్శనశాలలో భద్రపరచిన తన పూర్వుల పాటలను విని, నేర్చి, ఆ ప్రాచీనగళములతో తన గళమును కలిపి పాడెను. 2018లో దానికి పొలారిస్ బహుమానము వచ్చెను.

యంత్రము తగిలిన పాట మైలపడదాయని కొందరందురు. ఈ శంక తేలికైనది కాదు. క్రతువునకు మాత్రమే చెందిన పాటను నృత్యశాలలో వినిపించుట తప్పే. కాని ఏది సభకు దగును, ఏది తగదు అని నిర్ణయించువారు ఆ జాతిపెద్దలే గాని, పరులు గారు. పూర్వము పరులే నిర్ణయించిరి. అనర్థమంతయు నందుండియే కలిగెను.

ఈ సందర్భమున నా తప్పొకటి చెప్పుకొనవలెను. కొన్నియేండ్లక్రింద నేను పనిచేసిన పాఠశాలలో వార్షికోత్సవమునకు కోయబాలురు కొందరు డోలుతో కొమ్మునృత్యమును ప్రదర్శింతుమని వచ్చిరి. "అది మీ యూరి జాతరకు, ఇచ్చట మంచి పద్యము చదువుడు, నాయనా" అంటిని. వారికి మేలే చేయుచున్నానని నా నమ్మకము. వారు మారుపలుకక పద్యము చదివిరి. నాడు నే ననుకొన్న మేలునకును, ఒట్టావా యధికారులు తలచిన మేలునకును భేదమెంత? వారికి చట్టబలముండెను, నాకు బెత్తముండెను, అంతియే.

దురాచారమును ఖండించుట సంస్కర్త ధర్మము. అందు సందేహము లేదు. కాని ఒకని కన్నీరు తుడుచుట సంస్కరణము, ఒకని పాట మాన్పుట సంస్కరణము గాదు. ఆ బాలుర డోలు మ్రోత ఆ దినమున నేను వినలేదు. నేడు దూరదేశపు భేరి నా చేత దానిని దలపించుచున్నది.