నాడి, మర్మము, పడుగు

ఆసియాఖండపు ప్రాచీనవైద్యములన్నింటికిని మూలసూత్ర మొకటే యనియు, చీనావారి సూచీవైద్యములోని ‘మెరిడియను’ల వ్యవస్థయే యా సూత్రమనియు వాదించువారు కలరు. వారికి ముఖ్యమైన యూత యొక పదసామ్యము. సంస్కృతమున నాడి, చీనాభాషలో మై, టిబెట్టుభాషలో చా: ఈ మూడును దేహమందలి మార్గమును, మణికట్టుకడ వైద్యుడు చూచు స్పందనమును గూడ తెలుపును. పదసామ్యము పరిశోధనకు ద్వారమగును గాని ప్రమాణము కాజాలదని మా యభిప్రాయము.

‘మెరిడియను’ భూగోళశాస్త్రపదము. దానిని ఫ్రెంచిరచయిత సూల్యే ద మొరా 20వ శతాబ్దిలో వ్యాప్తికి దెచ్చెను. చీనావారి మాట జింగ్‌మై. జింగ్ అనగా మగ్గముమీది పడుగు. మన సాలెవారి పడుగును దలచుకొన్నవారికి భావము సులువుగా బోధపడును.

ఈ పడుగైనను చీనాదేశమున మొదటినుండి యొక్కతీరున లేదు. 1973లో చాంగ్‌షా నగరముకడ మావాంగ్‌డుయి 3వ సమాధిలో పట్టుగుడ్డలపై వ్రాసిన వైద్యగ్రంథములు దొరకినవి. సమాధికాలము క్రీ.పూ. 168. వానిలో మార్గములు 11 మాత్రమే. సూదుల ప్రసక్తి లేదు. మాచిపత్రి జాతి యాకును కాల్చి వేడి తగిలించుటయే చికిత్స. 12 మార్గములును, వాని యవిచ్ఛిన్నపరిభ్రమణమును హ్వాంగ్‌దీ నైజింగ్‌లోని లింగ్‌షూ భాగమున గానవచ్చును. వీనిలో నేది సార్వత్రికసూత్రమో యేకీకరణవాదులు చెప్పరు.

ఇక సుశ్రుతసంహిత. శారీరస్థానమున సిరలు 700, ధమనులు 24, మర్మములు 107. మర్మములను సూచీబిందువులతో సమీకరించుట నేడు పరిపాటియైనది. సుశ్రుతుడు వానిని లెక్కించినది శస్త్రము తగులకుండ గాపాడుటకు. వానిలో 19 గాయపడినచో సద్యోమరణమని హెచ్చరించెను. చీనావైద్యుడో, బిందువును వెదకి మరీ గ్రుచ్చును. ఒకచో నిషేధము, మరొకచో విధి! స్థానములు కొన్ని యొకేచోట బడినంతమాత్రమున శాస్త్ర మొకటి యగునా?

నాడీపరీక్షయు నట్టిదే. చరకసుశ్రుతుల సంహితలలో నది లేదు. తరువాతి శార్ఙ్గధరసంహితలో గలదు. మన బసవరాజీయము నా పిమ్మటిదే.

నిజముగా గలయిక జరిగిన చోటు టిబెట్టు. వాగ్భటుని అష్టాంగహృదయము 11వ శతాబ్దిలో నచటి భాషలోనికి వచ్చెను. 12వ శతాబ్దినాటి గ్యూషీ త్రిదోషములను భారతదేశమునుండి గైకొనెను. ఐదు ఘనావయవములను, ఆరు బోలు అవయవములను మణికట్టుపై మూడు వ్రేళ్ల స్థానములకు బంచు పద్ధతిని చీనానుండి గైకొనెను. మార్గముల వర్ణనకు మాత్రము చీనావారి 12 మార్గముల పట్టిక నాధారము చేసికొనలేదు. సుశ్రుతుని సిరలవలెనే దానిలో మొదట నేర్పడు నాడులును నాభినుండియే పుట్టును.