మెటియాబ్రుజ్: ఇళ్ల దళారులు, ఇరుకు గల్లీలు, ఇంటి హక్కు

2024 మార్చి 17 అర్ధరాత్రి వేళ కోల్‌కతా నైరుతి భాగంలోని గార్డెన్ రీచ్ ప్రాంతంలో, నిర్మాణంలో ఉన్న అయిదంతస్తుల భవనం ఒకటి కూలి పక్కనున్న రేకుల ఇళ్లపై పడింది. పదిమందికి పైగా మరణించారు. మృతులలో పలువురు ఆ భవనంతో ఏ సంబంధమూ లేనివారు. తమ ఇళ్లలో నిద్రిస్తున్నవారు. ఆ కట్టడానికి అనుమతి లేదని నగర మేయర్ స్వయంగా అంగీకరించారు. నిర్మాణదారును పోలీసులు అరెస్టు చేశారు. చెరువు పూడ్చిన నేలపై ఆ భవనం లేచిందన్న ఆరోపణలు కూడా వచ్చాయి.

గార్డెన్ రీచ్‌ను ఆనుకుని, దాదాపు దానిలో కలిసిపోయి ఉన్న పేట మెటియాబ్రుజ్. ఇక్కడ ఒక కుటుంబం ఇల్లు వెతుక్కునేటప్పుడు మొదట కలిసేది బ్యాంకు అధికారినో, న్యాయవాదినో కాదు. వీధి చివర టీ కొట్టు దగ్గర కూర్చునే దళారిని. ఏ గది ఖాళీ అవుతోందో, ఏ వారసులు వాటాలు పంచుకోలేక స్థలం అమ్మకానికి పెట్టారో, ఏ ప్రమోటర్ కొత్త పునాది తవ్వుతున్నాడో ఆయనకు తెలుసు. ఈ దళారీ వృత్తి ఇక్కడ ఎలా నడుస్తుంది, చట్టం దానిని ఎంతవరకు అదుపు చేస్తుంది, కొనుగోలుదారు ఏమి చూసుకోవాలి అన్నది ఈ వ్యాసం విషయం.

నవాబు విడిది నుంచి దర్జీల పేట వరకు

మెటియాబ్రుజ్ అంటే మట్టి బురుజు. హుగ్లీ నది తూర్పు గట్టున ఒకప్పుడు ఐరోపా ధనికుల తోట బంగళాలు బారులు తీరి ఉండేవి. గార్డెన్ రీచ్ అన్న పేరుకు మూలం ఆ తోటలే. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకొన్నాక, చివరి నవాబు వాజిద్ అలీ షా అదే ఏడాది మే నెలలో కలకత్తా చేరారు. 1857 తిరుగుబాటు కాలంలో ఆయనను ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. విడుదలైన తరువాత 1887 సెప్టెంబరు 21న మరణించేవరకు మెటియాబ్రుజ్‌లోనే గడిపారు. ఏటా 12 లక్షల రూపాయల భరణంతో ఇళ్లు, ఇమాంబాడాలు, జంతుశాల నిర్మించి ఇక్కడ మరో లక్నోను నిలబెట్టారు. ఆయన సమాధి 1864లో నిర్మించిన సిబ్తైనాబాద్ ఇమాంబాడాలో ఉంది.

నవాబు కన్నుమూశాక ఆ ఎస్టేటు నిలవలేదు. ఆస్తులు వేలానికి వెళ్లాయి, భవనాలు కూలాయి, నేల ముక్కలైంది. ఈ పేట చూసిన తొలి పెద్ద స్థిరాస్తి పంపకం అదే. ఆ వెనుకనే 1892లో కిద్దర్‌పూర్ రేవు తెరుచుకుంది. నౌకా నిర్మాణ కర్మాగారం, జనపనార మిల్లులు కూలీలను పిలిచాయి. బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఉర్దూ మాట్లాడేవారు, బెంగాలీ ముస్లింలు పక్కపక్కనే స్థిరపడ్డారు. నేడు మెటియాబ్రుజ్ పేరు వినగానే తూర్పు భారత వ్యాపారులకు గుర్తొచ్చేది రెడీమేడ్ దుస్తుల టోకు సంత. ఇక్కడ పెద్ద దర్జీని ఓస్తాగర్ అంటారు. వారాంతంలో నడిచే జబ్బార్ హాట్ వంటి సంతలకు సరుకు ఈ గల్లీలలోని ఇళ్ల నుంచే వెళుతుంది.

అంటే ఇక్కడి ఇల్లు నివాసం మాత్రమే కాదు. కింద కుట్టు మిషన్లు, పైన సంసారం, ఆపై అంతస్తులో గుడ్డ తానులు. ఇల్లు మారడమంటే జీవనోపాధి మారడమే. అందుకే కుటుంబం పెరిగినా ఎవరూ దూరం వెళ్లడానికి ఇష్టపడరు. ఉన్న చోటనే మరో అంతస్తు లేపుతారు. దళారి వ్యాపారానికి ఆధారం ఈ ఇరుకే.

కట్టా, ఠికా, ప్రమోటర్

బెంగాల్‌లో స్థలాన్ని కట్టాలలో కొలుస్తారు. ఒక కట్టా 720 చదరపు అడుగులు. తెలుగువారి లెక్కలో సరిగ్గా 80 గజాలు. రెండు, మూడు కట్టాల స్థలంలో నాలుగైదు అంతస్తులు లేవడం మెటియాబ్రుజ్‌లో సాధారణ దృశ్యం. స్థల యజమాని పెట్టుబడి పెట్టడు. ప్రమోటర్ అనే చిన్న నిర్మాణదారు కట్టి, కొన్ని ఫ్లాట్లు యజమానికి ఇచ్చి, మిగిలినవి అమ్ముకుంటాడు. ఆంధ్ర, తెలంగాణ పట్టణాలలో డెవలప్‌మెంట్ ఒప్పందం పేరుతో జరిగేది కూడా ఇదే. యజమానిని ప్రమోటర్‌కు పరిచయం చేసేది దళారి, కొనేవారిని తెచ్చేదీ దళారే. కొన్నిసార్లు ఆయనే కొంత డబ్బు పెట్టి భాగస్వామి అవుతాడు. అప్పుడు కొనేవారి పక్షాన మాట్లాడే మధ్యవర్తి ఎవరూ మిగలరు.

నేల స్వభావం ఇంకో చిక్కు. కోల్‌కతా, హావ్‌డా ప్రాంతాలకు ప్రత్యేకమైన ఠికా కౌలు పద్ధతిలో నేల ఒకరిది, దానిపై కట్టిన గుడిసెలు లేదా ఇళ్లు ఠికా కౌలుదారువి, అందులో ఉండే అద్దెదారులు వేరు. 1949లో వచ్చిన చట్టం ఠికా కౌలుదారుకు ఖాళీ చేయించడం నుంచి రక్షణ ఇచ్చింది. 1981 చట్టం భూస్వామి హక్కును తొలగించి నేలను రాష్ట్ర ప్రభుత్వానికి దఖలు పరచింది. 2001లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. 2019లో దానిని సవరించారు. సారాంశం ఒక్కటే: ఠికా నేలపై ఉన్న ఇంటిని సొంత నేలపై ఉన్న ఇంటిలా స్వేచ్ఛగా బయటివారికి అమ్మే వీలు లేదు. వీటికి తోడు వక్ఫ్ ఆస్తులు ఉన్నాయి. వాటిని అమ్మడం చట్ట సమ్మతం కాదు.

ఈ తేడాలను దళారి చెప్పకపోతే కొనేవారికి తెలియవు. స్టాంపు కాగితంపై రాసి నోటరీ ముద్ర వేయించిన ఒప్పందం చేతికి రాగానే ఇల్లు తమదైందని చాలామంది నమ్ముతారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకపు ఒప్పందం, వీలునామా వంటి పత్రాలు యాజమాన్య హక్కును బదలాయించవని, రిజిస్టరైన దస్తావేజు మాత్రమే ఆ పని చేస్తుందని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు కూడా కట్టడానికి అనుమతి ఉందనడానికి రుజువులు కావు.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. రెరాగా పిలిచే ఈ చట్టం ఇళ్ల ఏజెంటును కూడా తన పరిధిలోకి తెచ్చింది. నమోదు కావలసిన ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మించే ఏజెంటు ముందుగా తానూ నమోదు చేసుకోవాలి. నమోదు కాని ప్రాజెక్టును అమ్మకూడదు. లెక్కల పుస్తకాలు నిర్వహించాలి. లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు. బుకింగ్ సమయంలో కొనుగోలుదారుకు అన్ని పత్రాలూ అందేలా చూడాలి. నిబంధన మీరి వ్యాపారం చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా పడవచ్చు.

పశ్చిమ బెంగాల్ కేంద్ర చట్టానికి బదులుగా 2017లో హిరా పేరుతో సొంత చట్టం చేసుకుంది. 2021 మే 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ తరువాతనే రాష్ట్రంలో రెరా అమలుకు మార్గం ఏర్పడింది. తెలుగు రాష్ట్రాలు రెండూ 2017లోనే రెరా నిబంధనలు ప్రకటించాయి.

అసలు లోటు మరొకటి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో, లేదా ఎనిమిదికి మించని ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టులకు కేంద్ర చట్టం నమోదు తప్పనిసరి చేయలేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు ఏడున్నర కట్టాలు, అంటే సుమారు 600 గజాలు. ఈ పరిమితిని తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఉంది. అయినా రెండు కట్టాల స్థలంలో కొన్ని ఫ్లాట్లు కట్టే ప్రమోటర్‌కు ఈ వల పెద్ద కన్నులదే. పేదవారు కొనే ఇళ్లు చిన్నవి. చట్టం కన్ను పడేది పెద్దవాటిపై.

మిగిలిన అదుపు నగరపాలక సంస్థది. గార్డెన్ రీచ్ పురపాలక సంఘం 1984లో కలకత్తా కార్పొరేషన్‌లో విలీనమైంది. 1980 నాటి కార్పొరేషన్ చట్టం 400వ సెక్షన్ కింద అక్రమ కట్టడాన్ని కూల్చివేయవచ్చు. 401 కింద పని ఆపించవచ్చు. అయిదు కట్టాలు లేదా అంతకు మించిన నీటి వనరును పూడ్చడాన్ని రాష్ట్ర మత్స్య చట్టం నిషేధించింది. అధికారాలు కాగితంపై పుష్కలంగా ఉన్నాయి. అయితే గోడలు లేచి, కుటుంబాలు చేరిన తరువాత కూల్చివేత ఉత్తర్వు పడితే నష్టపోయేది అమ్మినవారు కాదు, అందులో కాపురమున్నవారు.

ఎవరికి ఇల్లు దొరుకుతుంది

మెటియాబ్రుజ్ ఇరుకుకు మరో కారణం పేట వెలుపల ఉంది. మతాన్ని, కులాన్ని అడిగి అద్దెకు ఇల్లు ఇచ్చే అలవాటు భారతీయ నగరాలలో బలంగా ఉంది. దేశ రాజధాని ప్రాంతంలో సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. అద్దె ఇంటి కోసం అడిగినప్పుడు దళితులకు, ముస్లింలకు ఎక్కువగా తిరస్కారం ఎదురవుతున్నట్లు అది నమోదు చేసింది. ఆ తిరస్కారాన్ని చాలాసార్లు నోటితో చెప్పేది యజమాని కాదు, బ్రోకరు.

అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, మతం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. ఏజెంట్లకూ అది వర్తిస్తుంది. ప్రైవేటు అద్దె ఇళ్లలో వివక్షను నేరుగా నిషేధించే అటువంటి ప్రత్యేక కేంద్ర చట్టం మన దేశంలో లేదు. బయట తలుపులు మూసుకున్నప్పుడు జనం తమవారున్న చోటికే చేరుతారు. గిరాకీ పెరిగినకొద్దీ అంతస్తులూ పెరుగుతాయి. ఈ కోణంలో చూస్తే దక్షిణ కోల్‌కతాలో ఒక బ్రోకరు ఫోనులో చెప్పే "ఖాళీ లేదు" అన్న మాటకూ, మెటియాబ్రుజ్‌లో అనుమతి లేకుండా లేచే అయిదో అంతస్తుకూ బంధం ఉంది.

అయితే స్థానిక దళారిని దోషిగా మాత్రమే చూడడం సరికాదు. బ్యాంకు రుణం అందని దర్జీకి వాయిదాలు కుదిర్చేది ఆయనే. పొరుగువారి గొడవ తీర్చేది, వితంతువుకు తక్కువ బయానాతో గది ఇప్పించేది కూడా చాలాసార్లు ఆయనే. ఆయన పెట్టుబడి నమ్మకం. అదే గల్లీలో రేపు మళ్లీ ఎదురుపడాలి కనుక మాట తప్పడం సులువు కాదు. ఆ నమ్మకానికి కాగితం తోడు కాకపోవడమే ప్రమాదం.

తెలుగువారికి దగ్గరి పేరు

ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ కొత్త పేరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారసురాలిగా 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే అవతరించే వరకు వాల్తేరు డివిజన్ పాలన గార్డెన్ రీచ్ నుంచే సాగింది. బదిలీపై వచ్చిన తెలుగు ఉద్యోగులు రైల్వే క్వార్టర్లలో ఉండేవారు. ఉద్యోగ విరమణ తరువాత సొంత ఇంటి కోసం వెతికేవారికి ఇక్కడి కట్టా లెక్కలు, దళారీ మాటలు ఎదురయ్యేవి. రాష్ట్రంలో, ముఖ్యంగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారి కోసం తెలుగును అధికార భాషగా గుర్తించడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. భూమి పత్రాలు మాత్రం నేటికీ ప్రధానంగా బెంగాలీలో, ఇంగ్లీషులోనే ఉంటాయి. చదవలేని పత్రంపై సంతకం చేయవలసి వస్తే నమ్మకమైన అనువాదం అడగడం ప్రతి ఒక్కరి హక్కు.

కొనేముందు చూసుకోవలసినవి

నేల సొంత హక్కుదా, ఠికాదా, వక్ఫ్‌దా అన్నది మొదటి ప్రశ్న. పర్చా అనే హక్కుల పత్రంలో, ఠికా కంట్రోలర్ కార్యాలయంలో దీనిని సరిచూసుకోవాలి. రెండవది, కార్పొరేషన్ ఆమోదించిన ప్లాను. దళారి చూపే జిరాక్సు చాలదు. ప్లాను సంఖ్యతో కార్యాలయంలో విచారించాలి. ఆమోదించిన అంతస్తులు ఎన్ని, కట్టినవి ఎన్ని అన్నది స్వయంగా లెక్కపెట్టాలి. మూడవది, ప్రాజెక్టుకు రెరా నమోదు వర్తిస్తుందా, ఏజెంటుకు నమోదు సంఖ్య ఉందా అని ప్రస్తుత నిబంధనల ప్రకారం చూడాలి. రెరా వర్తించే ప్రాజెక్టులో రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి ప్రమోటర్ వసూలు చేయకూడదు. ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే సరిచేసే బాధ్యత ఆయనదే. నాలుగవది, దళారికి ఇచ్చే కమీషను ఎంత, ఎప్పుడు, ఎవరి పక్షాన అన్నది ముందే రాసుకోవాలి.

ఈ నాలుగు ప్రశ్నలు అడిగినందుకు నిజాయితీ గల దళారి నొచ్చుకోడు. జవాబు దాటవేసినచోట బయానా ఇవ్వకుండా వెనుదిరగడమే మేలు. ఇంకా ఒక మాట: 2024 మార్చిలో చనిపోయినవారిలో పలువురు ఏ ఫ్లాటూ కొనలేదు, ఏ ఒప్పందంపైనా సంతకం చేయలేదు. గల్లీలో లేచే ప్రతి గోడ పక్కింటి బతుకుతో కూడా ముడిపడి ఉంటుంది. కనుక అనుమతి పత్రం ఏదని అడిగే హక్కు కొనేవారితో పాటు పక్కింటివారికీ ఉంది.