నీళ్లవైపు గుమ్మం

కొచ్చిలో మట్టాంచేరి బజార్ రోడ్డు మీద నడుస్తున్నారు. రెండు పక్కలా ఒకదాన్నొకటి ఆనుకుని పాత గోడౌన్లు, పెంకుల కప్పులు, పెచ్చులూడిన సున్నపు గోడలు. అడ్డంగా ఆగిన లారీ పక్కనుంచి ఒళ్లు ముడుచుకుని దూరాలి. మిరియాల ఘాటు, శొంఠి ఘాటు కలిసి గొంతులోకి దిగుతాయి. తుమ్ము మీకే, అక్కడ పనిచేసేవాళ్లెవరూ తుమ్మరు.

తూర్పు వరసలో తలుపు తీసి ఉన్న గోడౌన్ ఒకటి చూసుకుని, గుమాస్తాను అడిగి లోపలికి పదండి. వీధి మొగం ఇరుకే గాని, లోపలికి పోయేకొద్దీ ఇంకా వస్తూనే ఉంటుంది. చీకటి గది దాటగానే కళ్లు చెదిరే ఎండ: సరుకు ఆరబోసుకునే నడిమి వాకిలి. మళ్లీ చీకటి, కప్పు దాకా బస్తాల దొంతర, చివర ఇంకో తలుపు. గడియ తీస్తే కాళ్ల కిందే నీళ్లు.

అసలు వీధిగుమ్మం ఇదీ. మీరొచ్చింది పెరటిదారిన.

1341 నాటి పెరియార్ వరద పాత ముజిరిస్ రేవును పూడ్చేసి, ఇక్కడ కొచ్చి రేవును తెరిచిందని చెబుతారు. కానీ మొగలో ఇసుకమేట అడ్డం. పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకు పడవల్లో అటూ ఇటూ తిరిగేది. అందుకే ప్రతి వర్తకుడికీ కాస్త నీటి అంచు కావాలి. స్థలాలు సన్నగా, పొడుగ్గా ఉండటానికి కారణం అదే. 1663లో డచ్చివాళ్లు పోర్చుగీసుల నుంచి, 1795లో ఇంగ్లీషువాళ్లు డచ్చివాళ్ల నుంచి కొచ్చిని లాక్కున్నా, మిరియాల పడవలు మాత్రం గోడౌన్ల నీటిగుమ్మాల దగ్గరే ఆగాయి.

ఈ అమరికను తిరగేసింది రాబర్ట్ బ్రిస్టో. 1920లో వచ్చిన ఈ ఇంజనీరు ఇసుకమేటను తవ్వించి, ఆ తవ్విన మట్టితోనే ఎదురుగా కనబడే విల్లింగ్డన్ దీవిని లేపాడు. ఓడలు అక్కడికి మళ్లాయి. ఆ తర్వాత లారీలొచ్చాయి. గోడ ఒక్కటీ కదలకుండానే గోడౌన్లకు ముందు వెనకయింది. ఇప్పుడు మన గోదావరి జిల్లాల బియ్యం కేరళకు చేరేది కూడా లారీల్లో, రైళ్లలోనే.

యాత్రికులంతా ఫోర్ట్ కొచ్చి చీనావలల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నన్నడిగితే, ఈ కంపు వీధిలో గంట గడపడమే మేలు.

దక్షిణంగా సాగితే యూదుల వీధి. దారిలో పాత సామాన్ల దుకాణాలు. ధర అడగండి, తొందరపడి కొనకండి. చివర 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం. దాని పొరుగునే, పోర్చుగీసులు కట్టి 1555లో రాజుకిచ్చి, డచ్చివాళ్లు బాగుచేయించిన రాజభవనం. చెప్పులు విప్పి మందిరంలోకి వెళ్లగానే అందరూ పైన వేలాడే గాజు దీపాలకేసి చూస్తారు. మీరు నేల చూడండి. నీలం, తెలుపు రంగుల్లో చేత్తో గీసిన ఈ చైనా పలకలు 18వ శతాబ్దంలో ఓడలెక్కి వచ్చాయి. శనివారం మాత్రం వెళ్లకండి, తలుపు తీయరు.