నేల వడగట్టునా?

సికిందరాబాదుకు ఈశాన్యముగా మౌలాలి గుట్ట దాటిన పిదప న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు కలదు. అణుశక్తి శాఖ దీనిని 1971లో నెలకొల్పినది. ఈ పేరు వినగానే రేడియో ధార్మికత మన మనస్సున మెదలును. కాని అచటి నేలకును, నీటికిని ముందుగా శంకింపవలసిన వస్తువు నైట్రేటు. మన రైతులు పొలమున చల్లు ఎరువులలో నుండునదే!

ఇందుకు కారణము ఇంధనము తయారగు పద్ధతిలోనే ఉన్నది. జార్ఖండులోని జాదుగూడ నుండియు, తరువాతి కాలమున కడప జిల్లా తుమ్మలపల్లె నుండియు యురేనియము పసుపుపచ్చని పొడి రూపమున ఇచటికి వచ్చును. దానిని నత్రికామ్లములో కరగించి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటు కలిసిన ద్రావణితో శుద్ధి చేసి, అమోనియాతో అవక్షేపింపజేయుదురు. పిదప దానిని ఆక్సైడుగా మార్చి, బిళ్ళలు కట్టి, సుమారు 1700 డిగ్రీల వేడిలో కాల్చుదురు. మిగిలిన ద్రవములో అమోనియమ్ నైట్రేటు మెండుగా ఉండును. సీసియము, స్ట్రాన్షియము వంటి విచ్ఛిత్తి ఖండములు రియాక్టరులో మండిన ఇంధనములోనే పుట్టును గనుక ఇచట వాని ప్రసక్తి లేదు. 1600 సంవత్సరముల అర్ధాయువు గల రేడియము చాలవరకు గనుల చెంత వ్యర్థపు చెరువులోనే నిలిచిపోవును. తుమ్మలపల్లె రైతుల ఆందోళన వేరు, మౌలాలి ప్రాంతపు ఆందోళన వేరు. ఈ రెంటిని కలిపి మాట్లాడువారు పెక్కుమంది.

అణుయుగపు తొలినాళ్ళలో, నేల మంచి వడపోత గుడ్డ వంటిదను నమ్మకము ఉండెను. అమెరికాలో బాంబులకు ప్లుటోనియము చేయుటకు 1943లో హాన్‌ఫర్డ్ క్షేత్రము మొదలైనది. అచట వర్షము తక్కువ, భూగర్భజలము లోతున ఉన్నది. అందుచే తీవ్రమైన వ్యర్థములను భూమిలో పాతిన ఉక్కు తొట్లలో నింపి, పలుచని ద్రవములను నేలలోనికే వదలిరి. ఒంటి గోడ తొట్లు 149 కాగా, కాలక్రమమున వానిలో పెక్కింటికి చిల్లులు పడెను.

నమ్మకము సగము నిజమే. బంకమట్టి రేణువులపై ఋణావేశము ఉండును. ధనావేశము గల సీసియము అయానులను అవి పట్టి ఉంచును. నైట్రేటు, టెక్నీషియము ఋణ అయానులుగా ఉండుటచే నీటితోపాటు జారిపోయి భూగర్భజలమును చేరినవి. కొలంబియా నది సమీపముననే ఉన్నది. 1989 ఒప్పందము నాటినుండి శుద్ధి కార్యక్రమము సాగుచున్నది. ఆ నీటిని పైకి తోడి శుభ్రపరచుచున్నారు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. గరాటులో బంకమట్టి కలిసిన ఇసుక నింపి స్వేదనజలముతో బాగుగా కడుగుడు. పిదప కొద్దిగా మిథిలీన్ బ్లూ, ఉప్పు కలిపిన నీరు పోయుడు. క్రిందికి దిగిన నీటిలో నీలిరంగు కనిపించదు. కాని సిల్వర్ నైట్రేటు వేసినచో తెల్లని అవక్షేపము ఏర్పడును. రంగు ఆగినది, ఉప్పు సాగినది.

మన గ్రానైటు నేల మరింత చిక్కైనది. పైన శిథిలమైన పొర, దాని క్రింద పగుళ్ళు గల రాయి. ఒక బావిలో నీరు పడి, పది గజముల దూరమున పడకపోవుట బోరు వేయించినవారందరికి తెలిసినదే. కలుషితమైన నీరు ఏ పగులు వెంట పోవునో అటులనే చెప్పలేము. కర్మాగారమునకు చేరువనున్న అశోక్‌నగర్ వాసులు తమ భూగర్భజలము పాడైనదని ఫిర్యాదు చేసిరి. లీటరు త్రాగునీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదని మన ప్రమాణము. అయితే మురుగునీటి నుండియు నైట్రేటు వచ్చును. గ్రానైటులోనే టన్నుకు కొన్ని గ్రాముల యురేనియము సహజముగా ఉండును. కావున కర్మాగారమునకు ముందు బావులలో ఏమి ఉండెనను లెక్క చేతనుండినగాని తగవు తీరదు. అట్టి లెక్కలు ఏ కర్మాగారమునకైనను పునాదిరాయికి ముందే ప్రజల ఎదుట ఉంచవలెనని నా అభిప్రాయము.

1971 నాటికి అణుశక్తి చట్టము ఉన్నది గాని, జలకాలుష్య నివారణ చట్టము 1974లోను, అణుశక్తి నియంత్రణ మండలి 1983లోను వచ్చినవి. రేడియో ధార్మిక వ్యర్థముల నియమములు 1987 నాటివి. అందుచే ఒకే బావిలోని యురేనియమునకు ఒక కావలి, నైట్రేటునకు వేరొక కావలి. త్రాగువాని కడవలో మాత్రము రెండును కలిసియే ఉండును.

నేడు వ్యర్థపు చెరువుల అడుగున నీరు చొరని ప్లాస్టిక్ పొర పరచుట, చుట్టును పరిశీలన బావులు త్రవ్వుట రివాజైనది. నైట్రేటును నత్రజని వాయువుగా మార్చివేయు సూక్ష్మజీవులును కలవు. గాలి చొరనిచోట, కొంత కర్బన పదార్థము ఆహారముగా దొరికినచో, అవి ఈ పనిని కూలి అడుగకయే చేయును.